"తరువాత"కూ "వలన"కూ నడుమ ఒక బ్యాటరీ

"తరువాత" అన్నది కాలాన్ని చెప్పే మాట. "వలన" అన్నది కారణాన్ని చెప్పే మాట, పంచమీ విభక్తి ప్రత్యయం. బడిలో ఈ రెంటికీ భేదం చెప్పడానికి పెద్ద శ్రమ ఉండదు. బడి దాటిన తరువాతనే కష్టం. మొదటిదాన్ని రెండవదిగా చదువుకోవడం మనుష్య స్వభావం. మన పెద్దలు దీనికి కాకతాళీయ న్యాయమని పేరు పెట్టారు. తాటిచెట్టుపై కాకి వాలింది, అదే క్షణాన పండు రాలింది. చూచినవాడు కాకి పడగొట్టిందన్నాడు. పండు అప్పటికే పండి, తొడిమ వదులై ఉన్నదన్న సంగతి క్రింద నిలబడినవాడికి కనబడదు.

"నిర్వహణ వ్యవస్థ మార్చిన తరువాత ల్యాప్‌టాప్ బ్యాటరీ నిలబడడం లేదండీ" అన్న మాట ఈ మధ్య తరచుగా వింటున్నాను. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది (పొడిగింపులో చేరిన గృహ వినియోగదారులకు భద్రతా సవరణలు 2026 అక్టోబరు వరకు). అందుచేత మారక తప్పనివారు మారారు. మారినవారిలో కొందరికి మూడు గంటల బ్యాటరీ గంటన్నరకు దిగింది. ఇంకేముంది, కొత్త వ్యవస్థ బ్యాటరీని త్రాగేస్తున్నదని తీర్పు. ఆ తీర్పు ఒక్కొక్కప్పుడు నిజమే అవుతుంది. కాని విచారణ లేకుండా ఇచ్చిన తీర్పు నిజమైనా సరే, దానికి విలువ లేదు.

ఈ వివాదం క్రొత్తది కాదు. మనలో చాలామంది ఎక్స్‌పీ మీద గౌతమి ఖతితో తెలుగు చూచుకొని మురిసిపోతున్న రోజులకు కొద్దిగా ఇవతల, 2009 అక్టోబరులో విండోస్ 7 వచ్చింది. మరి కొన్ని నెలలకే ప్రపంచమంతటా గగ్గోలు. ఎక్స్‌పీలోనూ విస్టాలోనూ చక్కగా పనిచేసిన బ్యాటరీ, 7 వేయగానే "మార్చుకోవడం గూర్చి ఆలోచించండి" అన్న హెచ్చరిక చూపుతున్నదనీ, కొత్త వ్యవస్థ బ్యాటరీలను చంపేస్తున్నదనీ ఆరోపణలు. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టులో ఆ విభాగానికి అధిపతియైన స్టీవెన్ సినోఫ్‌స్కీ దీనికి విపులంగా సమాధానం వ్రాశాడు. దాని సారాంశమిది: బ్యాటరీలోనే ఒక చిన్న విద్యుద్వలయం ఉంటుంది. తయారైనప్పుడు ఎంత శక్తిని పట్టేందుకు నిర్ణయించారో, ఇప్పుడు ఎంత పట్టగలుగుతున్నదో అది చెబుతుంది. విండోస్ 7 ఆ రెంటినీ పోల్చి, మొదటి సామర్థ్యంలో నూటికి నలభై వంతులే మిగిలినప్పుడు హెచ్చరిస్తుంది. ఎక్స్‌పీకీ విస్టాకూ ఈ సదుపాయమే లేదు. వారు పరిశీలించగలిగిన ఫిర్యాదులన్నిటిలోనూ బ్యాటరీలు నిజంగానే ముసలివయ్యాయి.

అంటే బ్యాటరీ అంతకుముందే పోయింది, చెప్పేవాడు లేకపోయాడు. చెప్పేవాడు రాగానే జనం వాడి మీద పడ్డారు. చావు కబురు తెచ్చినవాడినే చంపినవాడన్నట్లు!

సమాధానం ఇచ్చినవాడు కంపెనీవాడు కదా, తన సరుకును తాను వెనకేసుకు రాడా అని అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. అందుకే కాకి నిజంగా దోషి అయిన ఉదంతం కూడా చెప్పుకోవాలి. 2011లో లైనక్స్ కెర్నెల్ 2.6.38 వచ్చింది. ఆ ఏడు ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 11.04లో ఉన్నది అదే. దానికి మారినవారి ల్యాప్‌టాపులు కొన్ని మునుపటికన్నా ఎక్కువ విద్యుత్తు తీసుకోసాగాయి. ఫోరోనిక్స్ అనే పత్రిక నడిపే మైకేల్ లారబెల్ ఊరికే విసుక్కోలేదు. ఒకే యంత్రం మీద పాత కెర్నెళ్ళనూ కొత్తవాటినీ వరుసగా నడిపి, ఎంత విద్యుత్తు ఖర్చవుతున్నదో కొలిచి, తేడా ఏ మార్పుతో మొదలైందో పట్టుకున్నాడు. యంత్రంలోని భాగాలు పని లేనప్పుడు వాటి మధ్య దారులను నిద్రపుచ్చే ఏర్పాటు ఒకటుంది. కొన్ని యంత్రాల్లో బయోస్ తప్పుగా చెప్పుకొన్న మాటను నమ్మి, కొత్త కెర్నెల్ ఆ నిద్రను మాన్పించింది. తరువాత మాథ్యూ గారెట్ అనే నిపుణుడు దానికి సవరణ వ్రాశాడు. ఇక్కడ బ్యాటరీకి ఏ పాపమూ తెలియదు, అపరాధమంతా వ్యవస్థదే.

ఈ రెండు ఉదంతాలకూ తేడా ఎలా తెలిసింది? మన తర్కశాస్త్రంలో అన్వయ వ్యతిరేకాలంటారు. అది ఉంటే ఇది ఉన్నది, అది లేకుంటే ఇది లేదు, అని రెండు వైపులా చూపగలిగితేనే కారణమనాలి. లారబెల్ చేసింది అదే. ఆయనకు తర్కసంగ్రహం తెలిసి ఉండదు, అయినా అచ్చమైన నైయాయికుడు. మనవాళ్ళు ఆ గ్రంథం కంఠస్థం చేసి కూడా కాకినే తిడతారు.

మూడవ ఉదంతం ల్యాప్‌టాపుది కాదు, ఫోనుది. నాకు మాత్రం అదే అన్నిటికన్నా బాధాకరం. 2017 జనవరిలో ఆపిల్ సంస్థ ఐఫోన్లకు 10.2.1 అనే నవీకరణ ఇచ్చింది. ముసలి బ్యాటరీలున్న ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వాటి వేగాన్ని అది తగ్గిస్తుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. కాని వేగం తగ్గిస్తున్నామని యజమానికి స్పష్టంగా చెప్పలేదు. ఆ డిసెంబరులో జాన్ పూల్ అనే ఆయన వేలాది ఫోన్ల కొలతలను పటాలుగా గీసి చూపేదాకా సంగతి బయటపడలేదు. తరువాత సంస్థ ఒప్పుకొన్నది, క్షమాపణ చెప్పింది, అమెరికాలో 79 డాలర్లున్న బ్యాటరీ మార్పిడిని 29 డాలర్లకు దించింది, 2018 మార్చిలో బ్యాటరీ ఆరోగ్యాన్ని తెరపై చూపే సదుపాయం ఇచ్చింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్సు ప్రభుత్వ విభాగం రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ జరిమానా వేగం తగ్గించినందుకు కాదు, తగ్గుతుందని వినియోగదారులకు తెలియజేయనందుకు!

నా అభిప్రాయం కూడా అదే. లిథియం బ్యాటరీ అన్నాక తరిగిపోతుంది, అది దాని ధర్మం. కొత్త వ్యవస్థలో లోపాలుంటాయి, సవరిస్తారు, అదీ సహజమే. సహించరానిది లెక్క దాచడం. దాచడమంటే అబద్ధం చెప్పడమే కానక్కరలేదు. అర్థం కాని చోట, అర్థం కాని భాషలో పెట్టినా దాచినట్లే.

మా ఊరి పిల్ల ఒకతె డిగ్రీ చదువుతున్నది. తండ్రి వేటకు వెళతాడు. చేతులు మారిన ల్యాప్‌టాపొకటి కొనిచ్చాడు. వ్యవస్థ మార్చాక గంటకే ఆగిపోతున్నదని పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోతే, "కొత్త సిస్టం దీనికి పడలేదమ్మా, పాతది వేసిస్తాను" అన్నాడట. భద్రతా సవరణలు ఆగిపోయినదాన్ని తిరిగి వేయించుకుంటే, బ్యాటరీ బాగుపడదు సరికదా, తలుపుకు గడియ కూడా పోతుంది. ఆ పిల్ల నన్నడిగిన ప్రశ్న మాత్రం చాలా మంచి ప్రశ్న. "మాస్టారూ, నూరు శాతమని చూపిస్తానే ఉందే, మళ్ళీ గంటకే ఎందుకు పోతోంది?"

నూరు, దేనిలో నూరు? శాతమన్నప్పుడు "దేనిలో" అన్నది చెప్పకపోతే అది అసమాపక వాక్యం వంటిది. తెర మూలన ఉన్న నూరు, బ్యాటరీ పుట్టినప్పటి నూరు కాదు, ఇప్పుడు పట్టగలిగినంతలో నూరు. కుంచం కుంచించుకుపోయి సోలెడైనా, నిండితే నిండు కుంచమనే చూపుతుంది. విండోస్ 8 నాటి నుంచి అసలు లెక్క చూపే నివేదిక ఉన్నది. ఆదేశాలు వ్రాసే నల్ల తెర తెరచి, పవర్ సి.ఎఫ్.జి. అన్న ఆదేశానికి ఒక ఖాళీ వదలి, ఏటవాలు గీత పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అన్న రెండు మాటలూ కలిపి చేరిస్తే, అది ఒక పుట తయారుచేసి ఎక్కడ దాచిందో చెబుతుంది. ఆ పుటలో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. ఆ పిల్ల యంత్రంలో మొదటిది 41,000 మిల్లీవాట్ గంటలు, రెండవది 14,800. నూటికి ముప్ఫయ్యారు! ఇంతకంటె ఏం కావాలి, పండు ఎప్పుడో పండిపోయింది.

నేను చూచినంతలో ఆ నివేదిక ఇంగ్లీషులోనే ఉన్నది. దుకాణం మాటకు ఎదురు చెప్పగల అంకెలు పిల్ల చేతిలోనే ఉన్నా, ఉన్నవని తెలియదు, తెలిసినా చదివి అర్థం చేసుకోవడం కష్టం. మనం ఒకప్పుడు ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు తెలుగు మాట వెతకడానికి వారాల తరబడి వాదులాడుకున్నవాళ్ళం. ఈ రెండు మాటలకూ నా ప్రతిపాదన: "పుట్టు సామర్థ్యం", "నేటి సామర్థ్యం". సంస్కృతం పాలు ఎక్కువైందనేవారు "పుట్టు పట్టు", "నేటి పట్టు" అనండి, నాకు సమ్మతమే, చెవికి కూడా బాగున్నది. ఏదో ఒకటి ఖాయం చేసి, ఎవరికి తెలిసిన యంత్రం గూర్చి వారు, ఆ అంకెలు ఎక్కడ చూడాలో సరళమైన తెలుగులో వ్రాయండి. లైనక్సు, మ్యాకింటాషు వాడే మిత్రులు తమ తమ పద్ధతులు వ్రాయండి. నాకు వాటి పరిచయం తక్కువ.

నేటి సామర్థ్యం బాగానే ఉండి, కాలం మాత్రం తగ్గితే అప్పుడు వ్యవస్థను అనుమానించాలి. అదీ మొదటి రెండు మూడు రోజుల్లో కాదు. కొత్త వ్యవస్థ వచ్చీ రాగానే మన దస్త్రాలన్నిటికీ సూచిక తయారుచేసుకుంటూ, మిగిలిన సవరణలు దింపుకుంటూ ఉంటుంది కనుక ఖర్చు ఎక్కువే. ఆ పైన కూడా తగ్గకపోతే, లైనక్సును పెన్‌డ్రైవు నుంచి నడిపి అదే పని చేస్తూ ఎంతసేపు వస్తుందో చూడవచ్చు. అక్కడా అంతే వస్తే అనుమానం బ్యాటరీ వైపు మొగ్గుతుంది, ఎక్కువ వస్తే వ్యవస్థ వైపు. విండోసులో మారిన పది రోజుల లోపల వెనుకకు వెళ్ళే వీలు కూడా ఉన్నది, ఆ గడువు దాటితే మామూలుగా ఆ వీలుండదు. వెనుకకు వెళ్ళడం పరీక్షకే గాని, అక్కడే కాపురం పెట్టడానికి కాదు.

ఇంత రాద్ధాంతం దేనికి, ఛార్జరు తగిలించి వాడుకోరాదా అంటారేమో. జువ్వలదిన్నె వంటి తీరంలో ఉన్నవాళ్ళకు బ్యాటరీ అలంకారం కాదు. 1989 నవంబరు 9న మా కావలి దగ్గర తీరం దాటిన తుఫానును చూచినవాళ్ళం. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ కూడా మా జిల్లా తీరాన్ని రాసుకుంటూ పోయింది. గాలి లేచిందంటే మొదట పోయేది కరెంటు. ఆ పూట వాతావరణ హెచ్చరిక చూడాలన్నా, దూరాన ఉన్న పిల్లలకు ఉత్తరం ముక్క పంపాలన్నా యంత్రంలో ఎంత మిగిలి ఉన్నదన్నది ముఖ్యం. నూరు చూపి గంటకే ఆగిపోయే బ్యాటరీ, ఆ పూట మనిషిని నమ్మించి ముంచుతుంది.

తీరంవారికి ఇంకొక శత్రువు ఎండ. లిథియం బ్యాటరీలకు వేడి, నిండు ఛార్జి రెండూ కలిస్తే చేటు. నిపుణులు చెప్పే లెక్క ప్రకారం, నిండుగా ఛార్జి చేసి ఒక ఏడాది ఉంచితే 25 డిగ్రీల వద్ద నూటికి సుమారు 80 వంతుల సామర్థ్యం మిగులుతుంది, 40 డిగ్రీల వద్ద సుమారు 65 మాత్రమే. నలభై శాతం ఛార్జితో ఉంచితే 25 డిగ్రీల వద్ద 96 వరకు మిగులుతుంది. నెల్లూరు జిల్లాలో మే నెల ఎండ 40 దాటడం వింత కాదు. ఇప్పటి ల్యాప్‌టాపులు చాలావాటిలో ఛార్జిని 80 శాతం వద్ద ఆపే ఏర్పాటు ఉన్నది. దానిని వేసవి అంతా పెట్టి ఉంచండి. అక్టోబరు వచ్చి, వాయుగుండం వార్త వినబడిన రోజున తీసివేసి నిండా ఛార్జి చేసుకోండి.