ఇది ఎవరి పరిధి?

తెల్లవారుజామున ఇళ్ళల్లో పనికి బయలుదేరే ఆడమనిషిని అడగండి, హైదరాబాదుకు ఎన్ని హద్దులున్నాయో చెబుతుంది. ఆమె ఎక్కే బస్సు ఆర్టీసీది. స్టాపు మునిసిపాలిటీది. ఎం.ఎం.టి.ఎస్. స్టేషను లోపల రైల్వే పోలీసులు, గేటు దాటితే ట్రాఫిక్ పోలీసులు, ఇంకొంచెం ముందుకెళితే పక్క కమిషనరేటు. మధ్యలో దీపం లేని అర కిలోమీటరు మాత్రం ఎవరిదీ కాదు.

2003లో ఎం.ఎం.టి.ఎస్., 2017లో మెట్రో వచ్చాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో తెలంగాణ స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే, కాదనం. కానీ ఆ ఉచితం బస్సు మెట్టు దగ్గరే ఆగిపోతుంది. రైలెక్కితే టిక్కెట్టు, దిగాక షేర్ ఆటో. మగవాడు ఇంటి నుంచి పనికి బండి మీద సూటిగా పోతాడు. స్త్రీ పిల్లను బడిలో దించి, పనికి పోయి, వచ్చేటప్పుడు అత్తగారి మందులు తెచ్చి ఇల్లు చేరుతుంది. బండ్లు మారడం ఆమెకే ఎక్కువ, మారేచోట నిలబడడమూ ఆమెకే ఎక్కువ.

ట్రాఫిక్ అనగానే అధికారులకు గుర్తొచ్చేది కారు. సిగ్నల్ తీసేసి యూ-టర్న్ పెడతారు. కారు ఆగదు, సరే, రోడ్డు దాటాల్సిన మనిషి మాటేమిటి? ఒక కమిషనరేటు దారి మళ్ళిస్తే పక్కవారి పరిధిలో బస్సు ఆగేచోటు మారిపోతుంది. ఆ సంగతి స్టాపులో నిలబడ్డవారికి చెప్పేదెవరు?

ఈ హద్దుల వల్ల పోయేది అరగంటే అయితే ఇంత రాయను. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు టోల్ ప్లాజా వద్ద మాయమైన యువ పశువైద్యురాలిని మనం మరచిపోలేదు. కూతురు కనిపించడం లేదని వెళితే, మా పరిధి కాదంటూ ఒక స్టేషను నుంచి మరో స్టేషనుకు తిప్పారని కుటుంబం చెప్పింది. ఫిర్యాదు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. డిసెంబరు 6న నలుగురు నిందితులను కాల్చి చంపిన పోలీసుల మీద పూలు చల్లారు గానీ, పరిధి ప్రశ్న ఆ పూల కింద పడిపోయింది.

2024 జూలై 1న అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షను, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలంటోంది. మరి దీపానికీ, స్టాపుకీ ఆ మాట ఎందుకు వర్తించదు? రవాణా మొత్తాన్నీ కలిపి చూసే సంస్థ ఒకటి ప్రతి పెద్ద నగరానికీ ఉండాలని 2006 జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. అటువంటి సంస్థ సమావేశమైతే కూర్చునేది శాఖల పెద్దలు. రోజూ మూడు బండ్లు మారే స్త్రీకి అక్కడ కుర్చీ లేదు.

మన సంఘాలు ఆ కుర్చీ అడగాలి. అది వచ్చేలోగా, బండి మారే ప్రతిచోటా బాధ్యుల పేరు, ఫోను నంబరు బోర్డు మీద రాయించాలి. చివరి రైలు వచ్చి జనం దిగాకే చివరి బస్సు కదలాలి.