వేగం కొలవడం కాదు, విసుర్లు లెక్కపెట్టడం నేర్వాలి

పిల్లలూ! మన దేశంలో క్రికెట్‌కు ఉన్నట్లే అమెరికా, జపాన్, క్యూబా దేశాలలో బేస్‌బాల్‌కు ఎంతో ఆదరణ ఉంది. ఆ ఆటలో బంతి విసిరే ఆటగాణ్ణి పిచ్చర్ అంటారు. మన బౌలర్ లాగా అతడు దూరం నుంచి పరుగెత్తుకు రాడు. మోచేయి చాచకూడదనే నియమం కూడా అతనికి లేదు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి 18.44 మీటర్ల దూరానికి బంతిని విసురుతాడు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బంతికి ఆ దూరం దాటడానికి అర సెకను కూడా పట్టదు.

ఇంత వేగం ఎక్కడ నుంచి వచ్చింది? చేతి బలం నుంచి అని మీరంటారేమో! అది కొంతవరకే నిజం. చెర్నాకోలను ఝళిపించడం చూశారా? పిడి కొద్దిగానే కదులుతుంది, కొస మాత్రం రివ్వున దూసుకుపోతుంది. పిచ్చర్ శరీరం కూడా అటువంటిదే. ముందు కాలు నేలను తన్నిపట్టగానే తుంటి తిరుగుతుంది. దాని వెనుక మొండెం, ఆ తరువాత భుజం, మోచేయి, చివరికి మణికట్టు వరుసగా కదులుతాయి. కాళ్ళలో పుట్టిన శక్తి ఒక్కొక్క మెట్టూ ఎక్కి బంతిని చేరుతుంది. ఈ వరుస తప్పితే ఆ లోటును చేయి ఒక్కటే పూడ్చవలసి వస్తుంది.

కాబట్టి మంచి శిక్షకుడు ముందుగా కాళ్ళనూ, నడుమునూ, కదలికల వరుసనూ సరిదిద్దాలి. కాని రాడార్ గన్ చేతపట్టుకుని, "ఇంకా వేగంగా! ఇంకా వేగంగా!" అని తరిమేవారు ఎందరో ఉన్నారు. ఇది శాస్త్రీయమైన పద్ధతి కాదని నా అభిప్రాయం.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. బంతి ద్రవ్యరాశి సుమారు 145 గ్రాములు. గంటకు 150 కిలోమీటర్ల వేగం వద్ద దాని గతిశక్తి దాదాపు 126 జౌళ్ళు. వేగం పదోవంతు పెరిగి 165 అయితే గతిశక్తి 152 జౌళ్ళకు చేరుతుంది. అంటే వేగం 10 శాతం పెరిగితే శక్తి 21 శాతం పెరగాలి. ఆ భారం మోసేది శరీరమే కదా!

పెద్దవారైన పిచ్చర్లు విసిరేటప్పుడు మోచేతి మీద సుమారు 64 న్యూటన్ మీటర్ల మెలితిప్పే బలం పడుతుందని 1995లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఒక మీటరు పొడవున్న కర్ర చివర ఆరున్నర కిలోల బరువు వేలాడదీసి, రెండో చివరను మోచేతికి కట్టినట్లు ఊహించుకోండి! ఎముకలను కలిపి ఉంచే సన్నని సంధిబంధనం ఒక్కటే దీనిని తట్టుకోలేదు. చుట్టూ ఉన్న కండరాలు భారాన్ని పంచుకుంటాయి. కండరాలు అలసిపోతే భారమంతా దాని మీదనే పడుతుంది.

1974లో టామీ జాన్ అనే పిచ్చర్‌కు ఈ బంధనమే తెగిపోయింది. డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని రెండో చేతి నుంచి ఒక స్నాయువును తీసి మోచేతిలో అమర్చాడు. టామీ జాన్ 1976లో మళ్ళీ మైదానంలో దిగి 1989 వరకు ఆడాడు. ఆ శస్త్రచికిత్సకు ఇప్పుడు అతని పేరే ఉంది. అది గొప్ప విజయమే. కాని చికిత్స ఉంది కదా అని చేతిని పాడుచేసుకోవడం తెలివైన పని కాదు. పైగా మీ వయసులో ఎముకల చివర మెత్తని మృదులాస్థి పొరలు ఇంకా గట్టిపడలేదు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. వాటికి దెబ్బ తగిలితే నష్టం పెద్దది.

అలసిపోయాక కూడా తరచుగా విసిరిన కుర్రవాళ్ళకు శస్త్రచికిత్స అవసరమయ్యే అవకాశం 36 రెట్లు ఎక్కువని 2006లో వెలువడిన ఒక పరిశీలన తెలిపింది. 2014లో అమెరికాలో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం 13, 14 ఏళ్ళవారు ఒక రోజులో 95 సార్లకు మించి విసరకూడదు. 66 లేదా అంతకు మించి విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవాలి.

"సాధన తగ్గితే నైపుణ్యం ఎలా వస్తుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సాధన మానమని కాదు నేను చెప్పేది. కండరం పని చేసేటప్పుడు అలసిపోతుంది, విశ్రాంతి సమయంలో కోలుకుని బలపడుతుంది. అందుచేత విశ్రాంతి కూడా సాధనలో భాగమే. పైగా కాళ్ళకు వ్యాయామం, కదలికల వరుస, గురి వంటివి నేర్వడానికి ప్రతిసారీ పూర్తి బలంతో విసరనక్కరలేదు.

మనకు బేస్‌బాల్‌తో పని లేదనుకోకండి. ఎక్కువగా బౌలింగ్ చేసే కుర్ర ఫాస్ట్ బౌలర్లకు నడుము దగ్గర వెన్నెముకలో సన్నని పగుళ్ళు రావడం వైద్యులకు బాగా తెలిసిన విషయం. ఈ నెల మీరు వేసిన బంతులను రోజూ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. నొప్పి కలిగిన రోజును ఎర్ర సిరాతో గుర్తించి, దాచకుండా మీ వ్యాయామ ఉపాధ్యాయునికి చూపండి. "ఇవాళ్టికి చాలు" అని చెప్పగలిగినవాడే నిజమైన శిక్షకుడు. ఆ మాట వినగలిగినవాడు చాలా ఏళ్ళు ఆడతాడు.