అడ్డసరపు పొద

శామీర్‌పేట చెరువు దాటి తుర్కపల్లి వైపు సాగు త్రోవలో, జీనోమ్ వ్యాలీ ఔషధ పరిశోధనాలయముల అద్దపు మేడలు కనుచూపుమేరలో నిలిచియుండగానే, పొలము గట్టున మేక సైతము మూతి త్రిప్పుకొని పోవు అడ్డసరపు పొద యొకటి తెల్లని పూవులతో కానవచ్చును. దాని శాస్త్రనామమందలి ‘అధటోడ’ యను మాటకు అరవమున ‘మేక ముట్టనిది’ యనియే యర్థమట. ఈ పొదను నాటువైద్యమని యీసడించు నాగరికుడు, దగ్గు పట్టినంతనే మేడ్చల్ అంగడిలో కొని త్రాగు సిరపులందలి బ్రోమ్‌హెక్సిన్, ఆంబ్రాక్సాల్ అనునవి యీ యాకులోని వాసిసిన్ అను ఆల్కలాయిడును అనుసరించి పుట్టినవే యని యెరుగడు గదా! అట్లని ఆకురసమున తేనె రంగరించి కనబడినవారికెల్ల పట్టించుట నాకు సమ్మతము కాదు: గర్భిణులకు అడ్డసరము, ఏడాది నిండని శిశువులకు తేనె కూడవు, ఇక 2 వారములు మించిన దగ్గును కషాయముతో జోకొట్టుచు కూర్చుండువాడు తెలియకయే క్షయను ఇంట పెంచుకొనుచుండవచ్చును గనుక, సర్కారు దవాఖానలో ఉచితముగా చేయు తెమడ పరీక్షకు పోవలసినదే. వట్టి గొంతు గరగరయే యైనచో మిరియాలు దంచి వేసిన వేడిపాలు చాలును. మా యింట చలిరాత్రులందు పొయ్యిమీదినుండి దిగునది యదియే.