ఏ షిఫ్టప్పా నీది?

హిందూపురంలో తెల్లారకముందే కంపెనీ బస్సులు ఆగే చోటికి వెళ్ళి చూడండి. నైట్ దిగేవాళ్ళు, ఫస్ట్ షిఫ్టుకు ఎక్కేవాళ్ళు ఒకే టీ బంకు దగ్గర ఎదురుపడతారు. మొన్న ఒక కుర్రాడు బస్సు దిగి, ట్యూబ్‌లైటుకు వీపు తిప్పి, వేడి గ్లాసును కణతకు ఆనించుకుని కూర్చున్నాడు. ‘ఏమప్పా?’ అన్నాను. ‘ఎడమపక్క పగుల్తాండాదన్నా. నైట్ పడిన వారమంతా ఇంతే. తినేకి కూడా బుద్ధి పుట్టదు’ అన్నాడు. జేబులో బిళ్ళల పట్టీ. డాక్టరుకు చూపించుకున్నాడట. కళ్ళజోడు సంగతి అడిగారట, తిండి సంగతి అడిగారట. ఏ షిఫ్టని మాత్రం అడగలేదట.

రాత్రి డ్యూటీ మనకు కొత్త కాదు. ధర్మవరం జంక్షన్‌లో రైల్వేవాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నదే. పెళ్ళిళ్ళ కాలంలో అక్కడి మగ్గాలూ అర్ధరాత్రి దాకా ఆడతాయి. కానీ తల తిరిగితే నేతగాడు మగ్గం గుంటలోంచి లేచి కాసేపు నడుం వాల్చగలడు. కూలి పోతుంది, అది వేరే బాధ. నడుస్తున్న లైను దగ్గర నిలబడ్డవాడికి ఆ వీలు కూడా లేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 డిసెంబరులో కియా ఫ్యాక్టరీ ప్రారంభమైంది. 2022లో అక్కడ మూడో షిఫ్టు మొదలైంది. దాని చుట్టూ విడిభాగాల కంపెనీలు, ఇటు హిందూపురం వైపు గార్మెంట్స్. ఉద్యోగాలు వచ్చాయి, సంతోషమే. వాటితోపాటు ఊళ్ళ నిద్రవేళలూ మారాయి.

షిఫ్టు వల్లే మైగ్రేన్, అంటే పార్శ్వనొప్పి, వస్తుందని సైన్సు తేల్చి చెప్పలేదు. కొన్ని పరిశోధనలు అవునన్నాయి, కొన్నింటికి సంబంధం కనబడలేదు. అయితే పార్శ్వనొప్పిని రేపేవాటిని వరసగా చెప్పుకోండి: నిద్ర చెడడం, వేళ తప్పిన తిండి, నీళ్ళు తాగకపోవడం, కళ్ళలో పడే వెలుతురు. నైట్ షిఫ్టులో ఇవన్నీ ఒకేసారి మీదపడతాయి. మెదడులో మన నిద్రాగడియారం ఉండే హైపోథాలమస్‌కే ఈ నొప్పి మొదలవడంతోనూ సంబంధముందని నిపుణులు అంటున్నారు. ఇదేమీ అరుదైన జబ్బు కాదు. సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ బెంగళూరు, చుట్టుపక్కల పల్లెల్లో జరిపిన సర్వేలో ఏడాదిలో నలుగురిలో ఒకరికి మైగ్రేన్ వచ్చిందని తేలింది. ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. గార్మెంట్స్‌లో కుట్టుమిషన్ల ముందు కూర్చునేది ఎక్కువగా వాళ్ళే.

2025 జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచాలని నిర్ణయించింది. మహిళలు ఒప్పుకుంటే రాత్రి షిఫ్టుకూ దారి తెరిచింది. భద్రత, రవాణా షరతులు పెట్టారు, బాగుంది. కానీ విరామం సంగతి చూడండి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఐదు గంటల పని దాటకముందే అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. దాన్ని ఆరు గంటలకు జరిపారు. మామూలు మనిషికి ఆ గంట ఆకలి. మైగ్రేన్ ఉన్నవాళ్ళకు ఆ గంటే నొప్పికి పిలుపు.

కంపెనీలకు పెద్ద ఖర్చు లేని పనులున్నాయి. షిఫ్టులను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలోనే ముందుకు తిప్పాలి. వెనక్కి తిప్పితే ఒళ్ళు తట్టుకోలేదు. రోస్టరు ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో కాదు, రెండు మూడు వారాల ముందే చేతికివ్వాలి.

బిళ్ళల మాట ఒకటి. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో మొదలుపెట్టినది, మితంగా పూసుకుంటే పెద్దగా చిక్కులేదు. నొప్పిబిళ్ళలు అలా కాదు. నెలకు పదిహేను రోజులు, కొన్ని రకాలైతే పది రోజులు, లేదా అంతకు మించి, అలా మూడు నెలలకు పైగా మింగితే ఆ బిళ్ళలే తలనొప్పి తేవచ్చు.

ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండరు ఉంటుంది కదా. తల నొచ్చిన రోజున అంకె చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఆ రోజు ఏ షిఫ్టో, అన్నం ఎన్నింటికి తిన్నారో రాయండి. రెండు నెలలయ్యాక ఆ కాగితాలు చించి ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. డాక్టరు అడగకపోయినా మీ షిఫ్టే ముందు చెప్పండి.