యూపీఐలో డబ్బు కట్ అయింది.. అవతలివారికి చేరలేదు! మధ్యలో ఎక్కడ ఆగింది?

కిరాణా కొట్లో సరుకులు తీసుకున్నారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టారు. డబ్బు కట్ అయినట్లు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. కానీ కౌంటర్ మీది సౌండ్ బాక్స్ పలకలేదు. మీ యాప్‌లో 'పెండింగ్' అని కనిపిస్తోంది. దుకాణదారు రాలేదంటారు, మీరు పోయిందంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. మరి డబ్బు ఏమైంది?

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు గీసే ఒక బొమ్మ చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. దాని పేరు సీక్వెన్స్ డయాగ్రమ్.

ఏమిటీ బొమ్మ?

సాఫ్ట్‌వేర్ డిజైన్‌ను బొమ్మల్లో చూపే యూఎంఎల్ పద్ధతిలో ఇదొక రకం. యూఎంఎల్ 1997లో ప్రమాణంగా ఆమోదం పొందింది. ఇందులో పనిలో పాలుపంచుకునే ప్రతి ఒక్కరికీ ఒక నిలువు గీత ఉంటుంది. ఒకరి నుంచి మరొకరికి వెళ్లే ప్రతి సందేశానికీ ఒక అడ్డ బాణం ఉంటుంది. పైనుంచి కిందికి చదివితే ఏది ముందో, ఏది తర్వాతో తెలిసిపోతుంది.

మీ చెల్లింపును గీస్తే..

నిలువు గీతలు ముఖ్యంగా నాలుగు: మీ యాప్, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ, మీ బ్యాంకు, దుకాణదారు బ్యాంకు. మీరు పిన్ కొట్టగానే యాప్ నుంచి ఎన్‌పీసీఐకి బాణం వెళ్తుంది. అక్కడి నుంచి మీ బ్యాంకుకు 'డబ్బు తీయండి' అని మరో బాణం. బ్యాంకు పిన్ సరిచూసి, డబ్బు తీసి, 'తీశాం' అని బదులిస్తుంది. అప్పుడే దుకాణదారు బ్యాంకుకు 'జమ చేయండి' అన్న బాణం వెళ్తుంది. 'చేశాం' అన్న జవాబు తిరిగొస్తే పని పూర్తయినట్లు.

గమనించారా? డబ్బు తీయడం, జమ చేయడం ఒకే పని కాదు. రెండూ వేర్వేరు బాణాలు. చిక్కంతా ఆ రెండింటి మధ్యే.

రాని జవాబే అసలు సమస్య

'చేశాం' అన్న జవాబు సమయానికి రాలేదనుకోండి. అసలు జమే కాలేదా? లేక జమ అయ్యాక జవాబు దారిలో తప్పిపోయిందా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తొందరపడి మీకు డబ్బు వెనక్కిస్తే, అక్కడా జమ అయి ఉండొచ్చు. అందుకే బ్యాంకులు లెక్కలు సరిచూసుకునే దాకా ఆగాల్సి వస్తుంది.

అంతా సవ్యంగా జరిగే దారిని ఎవరైనా గీస్తారు. జవాబు రాకపోతే ఏం చేయాలో కూడా గీస్తేనే డిజైన్ పూర్తయినట్లు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ఒక రకంగా ఆ పనే చేశాయి. వ్యక్తికి పంపిన డబ్బు జమ కాకపోతే లావాదేవీ జరిగిన మర్నాటిలోగా వెనక్కి రావాలి. దుకాణదారుకు నిర్ధారణ అందని చెల్లింపైతే 5 రోజుల్లోగా రావాలి. గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం, అదీ మీరు అడగకుండానే, ఇవ్వాలి.

మీరేం చేయాలి?

* 'పెండింగ్' చూసి వెంటనే మళ్లీ పంపకండి. ప్రతి లావాదేవీకి ప్రత్యేక సంఖ్య ఉంటుంది. మీరు మళ్లీ నొక్కితే అది కొత్త లావాదేవీ. రెండుసార్లు డబ్బు పోవచ్చు.
* యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరును దాచుకోండి. ఏ బాణం దగ్గర ఆగిందో వెతకడానికి అదే ఆధారం.
* గడువు దాటితే ముందు యాప్‌లో, తర్వాత బ్యాంకులో ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో బదులు రాకపోయినా, వచ్చినది తృప్తిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

ఫిర్యాదులో 'డబ్బు పోయింది' అని మాత్రమే రాయకండి. 'నా ఖాతాలో డెబిట్ అయింది, అవతల క్రెడిట్ కాలేదు' అని తేదీ, యూటీఆర్‌తో సహా రాయండి. ఎక్కడ వెతకాలో వాళ్లకు మీరే చూపినట్లవుతుంది.