పెదవేగికి పెద్దవాళ్ళు కావాలి

“ఊళ్ళో ఏముందండీ, ముసలాళ్ళు తప్ప!” ఏలూరు దాటి ఉత్తరంగా మెట్ట వైపు వెళితే ఏ ఊరి గురించి అడిగినా ఈ మాటే వినిపిస్తుంది. చెప్పేవాళ్ళు చిన్నతనంగా చెబుతారు. వినేవాళ్ళు జాలిగా తలూపుతారు. కుర్రాళ్ళు వెళ్ళిపోయారు, పెద్దవాళ్ళు మిగిలారు, కాబట్టి ఊరి పని అయిపోయింది అన్నది ఇప్పుడు అందరూ ఒప్పేసుకున్న లెక్క. 2024 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కూడా పల్లెల్లో వృద్ధులే మిగులుతున్నారని ఆందోళన పడి, ఎక్కువమంది పిల్లల్ని కనమని పిలుపునిచ్చారు. ఆ తరవాతి నెలలోనే, ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను శాసనసభ ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. ఎవరెంతమందిని కనాలో ఎన్నికల చట్టం చెప్పనక్కర్లేదు. కానీ ఆ పిలుపు వెనక ఉన్న ఆలోచనను మాత్రం నేను ఒప్పుకోను. వయసు మళ్ళిన మనిషి ఊరికి నష్టం అన్న ఆలోచన అది. ఈ రోజు పుట్టిన బిడ్డ సంపాదనలో పడేసరికి 2045 దాటుతుంది. అప్పటిదాకా ఈ మెట్టలోని పెదవేగి ఏం తిని బతకాలి?

ఇప్పుడేం తిని బతుకుతోందో ముందు చూద్దాం. పెదవేగి పేరు చెప్పగానే గుర్తొచ్చేది పామాయిల్. గెలల ఫ్యాక్టరీ ఇక్కడుంది. దేశం మొత్తానికి ఆయిల్‌పామ్ మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ 1995 నుంచీ ఇక్కడే ఉంది. ఆ పంట ఈ మెట్టను నిలబెట్టిందనడంలో సందేహం లేదు. అయితే దాని ధర మన చేతిలో లేదు. 2022 ఏప్రిల్ నెలాఖర్లో ఇండోనేషియా ఎగుమతులు ఆపింది. ఆ వేసవిలో ఇక్కడ టన్ను గెలల ధర ఇరవై వేలు దాటింది. నిషేధం నెల కూడా నిలవలేదు. ఆ ఏడాది వెళ్ళేలోపే ధర సగానికి దగ్గరగా పడిపోయింది. పైగా తోట పెదవేగిలో ఉన్నా యజమాని ఏలూరులోనో హైదరాబాదులోనో ఉంటే గెలల డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. ఊళ్ళో మిగిలేది కోత కూలీ, ట్రాక్టరు కిరాయి.

ఇంకో ఆదాయం ఉంది. దాన్ని ఎవరూ ఆదాయం అనరు, ఖర్చు అంటారు. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది గుమ్మంలోకి తెచ్చిచ్చే పింఛను. 2024 జులై నుంచి వృద్ధులకు నెలకు 4,000 రూపాయలు చేతికందుతోంది. రాష్ట్రం మొత్తం మీద అన్ని రకాల పింఛన్లూ కలిపి సుమారు 63 లక్షల మందికి నెలకు 2,700 కోట్ల పైచిలుకు పంచుతున్నారు. (ఇందులో కేంద్రం వాటా ఎనభై లోపు వృద్ధులకు ఇప్పటికీ తలకు 200 రూపాయలే. ఢిల్లీ దీన్ని సరిదిద్దకపోవడం అన్యాయం.) ఒక ఊళ్ళో వెయ్యిమంది పింఛనుదారులు ఉన్నారనుకోండి, నెలకు 40 లక్షలు, ఏడాదికి 4 కోట్ల 80 లక్షలు. వాన పడినా, పడకపోయినా, ఇండోనేషియా ఏం చేసినా ఆ డబ్బు ఆగదు. వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఊరు దాటదు. కిరాణా కొట్టు బాకీ తీరుతుంది, మందుల షాపు నడుస్తుంది, పాలు పోసే మనిషికి అందుతుంది, ఆటో తిరుగుతుంది, మనవడి ఫీజులో కొంత పోతుంది. ఏ ఫ్యాక్టరీ జీతాలూ ఇంత క్రమం తప్పకుండా ఊళ్ళోనే ఖర్చు కావు. దీన్ని భారం అనేవాళ్ళు నెల మొదట్లో కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడి చూడాలి.

కాబట్టి పెదవేగిలో ముసలాళ్ళు ఎక్కువయ్యారన్నది నాకు ఫిర్యాదుగా తోచదు. వెళ్ళిపోయినవాళ్ళు వయసు వచ్చాక కూడా తిరిగి రాకపోవడమే నా ఫిర్యాదు. రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో ఉద్యోగుల విరమణ వయసును 62కు పెంచడంతో రెండేళ్ళపాటు ఆగిన విరమణలు 2024 నుంచి మళ్ళీ మొదలయ్యాయి. టీచర్లు, బ్యాంకు వాళ్ళు, ఆర్టీసీ వాళ్ళు, రైల్వే వాళ్ళు, ఈ మెట్టలో పుట్టి విజయవాడలోనో కూకట్‌పల్లిలోనో స్థిరపడ్డవాళ్ళు ఎంతమంది! వాళ్ళలో ఒక్కొక్కరూ నెలనెలా పెన్షనుతో పాటు చేతిలో ఏదో ఒక విద్య ఉన్న మనుషులు. కువైట్, మస్కట్ ఇళ్ళల్లో పనిచేసి తిరిగొచ్చే గోదావరి జిల్లాల ఆడవాళ్ళు మరో వరస. వాళ్ళ కష్టంతో ఇల్లు లేచింది, పిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, ఆ పనికి మాత్రం ఒక్క రూపాయి పెన్షను లేదు. వాళ్ళ గురించి మాట్లాడకుండా పెద్దవాళ్ళను పిలవడం అంటే డబ్బున్నవాళ్ళను పిలవడమే అవుతుంది.

పిలిస్తే వస్తారా? కెనడాలో ఎలియట్ లేక్ అనే పట్నం పిలిచి చూసింది. 1950లలో యురేనియం గనుల కోసమే కట్టిన ఊరు అది. 1990లో గనుల కంపెనీలు మూసివేతలు ప్రకటించాయి, చివరి గని 1996లో మూతపడింది. ఇళ్ళన్నీ ఖాళీ. ఊరివాళ్ళు లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టుకుని, ఆ ఇళ్ళను రిటైరైనవాళ్ళకు చౌకగా అద్దెకిచ్చారు. పెద్ద నగరాల నుంచి జనం వచ్చారు. గని లేకుండానే ఊరు నిలిచింది. 2021 జనగణన నాటికి కూడా అక్కడ పదకొండు వేలకు పైగా జనం ఉన్నారు. అంతా బాగానే జరిగిందని నేను చెప్పను. ఏళ్ళ తరబడి కారుతూ వచ్చిన మాల్ పైకప్పు 2012 జూన్‌లో కూలి ఇద్దరు ఆడవాళ్ళు చనిపోయారు. మనుషుల్ని రప్పించినంత మాత్రాన సరిపోదు, వాళ్ళు నడిచే చోటును కూడా కాపాడాలి.

ఇక్కడ పెద్దవాళ్ళు రాకపోవడానికి కారణాలు అందరికీ తెలిసినవే. మొదటిది భయం. అర్ధరాత్రి గుండెల్లో నొప్పొస్తే ఎవరు చూస్తారు? ఊరి మీద ప్రేమ లేక కాదు, ఈ ఒక్క ప్రశ్నకు జవాబు లేకే చాలామంది కొడుకు ఫ్లాటులో బాల్కనీకి పరిమితమైపోతున్నారు. పెదవేగికి ఏలూరు పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేదు. అక్కడ 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. డెబ్బై దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల దాకా వైద్యం ఇస్తామని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. కార్డు ఉంది, కాలేజీ ఉంది, రోడ్డు ఉంది. వారానికి రెండు రోజులు ఆ కాలేజీ డాక్టర్లు పెదవేగి వచ్చి పెద్దవాళ్ళను చూడడానికి అడ్డమేమిటి? బీపీ, షుగరు, మోకాళ్ళు, కంటి శుక్లాలు, మతిమరుపు. వీటికి కోట్ల యంత్రాలు అక్కర్లేదు, తప్పకుండా వచ్చే మనిషి కావాలి. మంచం పట్టినవాళ్ళను ఇంటికెళ్ళి చూసుకునే పద్ధతిని కేరళ 1990లలో కోళికోడ్ నుంచి మొదలుపెట్టి, 2008లో ప్రభుత్వ విధానంగా చేసి, పంచాయతీల చేతికిచ్చింది. మన పంచాయతీలకు చేతకాని పని కాదది.

రెండోది బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. అరవై దాటిన మగవాళ్ళకు పావు వంతు రాయితీ ఉంది. చార్జీ బాధ తీరింది సరే, వేళకు బస్సు రాకపోతే, ఎండలో నిలబడలేని మనిషికి ఆగేచోట నీడా, కూర్చునే బల్లా లేకపోతే, ఆ రాయితీ కాగితం మీదే ఉంటుంది.

ఈ వాదన వినగానే కొందరికి వెంటనే వెంచరు గుర్తొస్తుంది. తోటల మధ్య ప్రహరీ కట్టి, గేటు పెట్టి, లోపల విల్లాలు వేసి, ‘సీనియర్ సిటిజన్ల కోసం’ అని బోర్డు పెడతారు. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ప్రహరీ లోపలికి సరుకు విజయవాడ నుంచి వ్యానులో వస్తుంది, డాక్టరు కంపెనీ డాక్టరు, ఊరివాళ్ళకు దక్కేది వాచ్‌మన్ ఉద్యోగం. చుట్టూ భూముల రేటు పెరిగి, ఊళ్ళో ఇల్లు కట్టుకోవాలనుకున్న కూలీ కుటుంబం ఇంకా దూరం జరుగుతుంది. పెద్దవాళ్ళు ఊళ్ళో ఉండాలి, ఊరి ఇళ్ళల్లో ఉండాలి. తాళం పెట్టి ఉన్న పెంకుటిళ్ళు బాగుచేస్తే మేస్త్రీకి పని, వడ్రంగికి పని.

ఇంకో సంగతి నిక్కచ్చిగా చెప్పాలి. పెద్దవాళ్ళను చూసుకునే పని చివరికి ఎవరి మీద పడుతుంది? చాలావరకు దళితవాడ ఆడవాళ్ళ మీద. నెలకింత అని తృణమో పణమో చేతిలో పెట్టి, పాత అలవాటు ప్రకారం ‘మన ఇంటి మనిషే కదా’ అని గొడ్డుచాకిరీ చేయించుకునేట్టయితే ఈ ఆలోచనే వద్దు. నర్సింగ్ చదివిన ఈ మండలం అమ్మాయిలు హైదరాబాదు హాస్టళ్ళకో గల్ఫ్‌కో పోకుండా తమ ఊళ్ళోనే పనిచేసుకునేంత జీతం ఉండాలి, వారానికో సెలవుండాలి, పీఎఫ్ ఉండాలి. డాక్టరు వచ్చే రోజున పెన్షనున్న రిటైర్డ్ మేనేజరు గారూ, నాలుగు వేల పింఛను అవ్వా ఒకే వరసలో కూర్చోవాలి. తిరిగొచ్చే పెద్దలు పాత పెత్తనం మూటగట్టుకుని రాకూడదు. వాళ్ళు ఊరికి కావాల్సింది పొరుగువాళ్ళుగా.

ఇక్కడి వేంగి రాజధాని వైభవం, దిబ్బల్లో తవ్వకాలు, పర్యాటకం అని మాట్లాడేవాళ్ళతో నాకు తగువు లేదు. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన నేల ఇది, చూడడానికి జనం రావాల్సిందే. చూడ్డానికి వచ్చినవాళ్ళు మాత్రం సాయంత్రానికి ఏలూరు వెళ్ళిపోతారు. బతకడానికి వచ్చినవాళ్ళు మర్నాడు పొద్దున్నే పాలు కొంటారు.

ఈ మెట్టలో పుట్టి ఎక్కడెక్కడో పనిచేసి, రేపో మాపో రిటైరయ్యేవాళ్ళకు ఒక విన్నపం. నగరంలో ఫ్లాటుకు అడ్వాన్సు కట్టేముందు మీ ఊరి పంచాయతీకి ఒక ఉత్తరం రాయండి. డాక్టరు ఏయే రోజుల్లో వస్తాడు, రాత్రి అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది, ఏలూరు బస్సు ఎన్ని గంటలకు అని అడగండి. జవాబు సరిగా రాకపోతే ఆ ఉత్తరాన్నే జిల్లా కలెక్టరుకు పంపండి. అడిగేవాళ్ళు లేరనే ఇన్నాళ్ళూ ఏర్పాటు జరగలేదు.