పెనుబల్లి పిల్లలకు చరిత్ర

ఖమ్మము జిల్లా ఆగ్నేయపు కొసను, సత్తుపల్లికి పోవు త్రోవలో నున్న పెనుబల్లి మైదానమునకును అడవికిని నడుమ వాకిలి వంటిది. మామిడితోటలు, పామాయిలు తోటలు దాటి కొంతదూరము పోయినచో కోయగూడెములు తగులును. ఈ ప్రాంతమున అయిదవ తరగతి చదువు బాలుని తాజమహలు కట్టించిన వాడెవడని యడిగిన తడువుకొనక చెప్పును. తానెరిగిన లంకాసాగరము కట్టకుముందు ఆ నేలమీద నేమి యుండెనో, తన తాత ఏ యూరినుండి ఇచ్చటికి వచ్చెనో యడిగిన నేల చూచును. తప్పు వానిది కాదు. వాని నెవ్వరును అట్టి ప్రశ్న యడుగలేదు. వానిచేత నెవ్వరిని అడిగింపనులేదు.

చట్టమున లోపము లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు 29వ సెక్షను, బాలురు కృత్యముల ద్వారమునను, స్వయముగ వెదకి కనుగొనుట ద్వారమునను నేర్వవలెననియు, సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో జరుగవలెననియు స్పష్టముగ చెప్పుచున్నది. ప్రాథమిక తరగతులలో చరిత్ర ప్రత్యేక పాఠ్యాంశము కాదు. మూడు మొదలు అయిదు వరకు పరిసరాల విజ్ఞానములో నది కలిసియుండును. సాంఘికశాస్త్రము ఆరవ తరగతిలోగాని రాదు. ఇది కొరత యని మిత్రులు కొందరు వాపోవుదురు. మాకట్లు తోచదు. ఎనిమిదేండ్ల పిల్లవానికి పదమూడవ శతాబ్దమనిన నేమి, మూడవ శతాబ్దమనిన నేమి? రెండును వానికి వట్టి మాటలే. కాని అవ్వ చిన్ననాడు ఏమి తినెను, ఏమి కట్టెను, ఏ త్రోవను నడిచెను అనునది వాని కందును. ఆ మెట్టు ఎక్కిన పిమ్మట కాకతీయుల కాలమునకు పోవుట కష్టము కాదు.

‘కృత్యము’ అను మాటనే చూడుడు. మన పెద్దల వాడుకలో నది తప్పక చేయవలసిన పని. నిత్యకృత్యము లేని దినము లేదు. ఇప్పటి బడులలో నా మాట పెక్కుచోట్ల కత్తెరకును జిగురుకును పర్యాయపదమైనది. కోట బొమ్మ చేసికొని రమ్మని పిల్లవానికి చెప్పుదురు. తండ్రి అంగడికి పోయి థర్మోకోలు పలక తెచ్చును, తల్లి రాత్రి మేల్కొని కోసి అతికించును, ఉదయమున పిల్లవాడు దానిని మోసికొనిపోవును. వాడు చేసిన కృత్యము ఆ మోతయే. పంద్రాగస్టునాడు ఒకనికి గాంధీ కళ్ళజోడు, బతుకమ్మ నాడు బాలికలకు పట్టు పరికిణీలు, మరియొకనాడు అట్టతో చేసిన కొమ్ములు తలకు తగిలించి కోయనృత్యము. అందరిని వరుసగ నిలువబెట్టి ఫోనులో ఫొటో తీసి పైయధికారికి పంపుటతో చరిత్రయు సంస్కృతియు ముగిసినట్లే.

చేతులతో పనిచేయుచు నేర్చుట మనకు క్రొత్త కాదు. 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతిపనిని చదువునకు మధ్యమున నిలుపవలెనని ప్రతిపాదించెను. జాకీర్ హుస్సేను అధ్యక్షతన నేర్పడిన సంఘము ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్యకు, మాతృభాషలో, ప్రణాళిక సిద్ధపరచెను. 1938 ఫిబ్రవరిలో హరిపుర కాంగ్రెసు ఆ విద్యా విధానము నంగీకరించెను. తకిలి త్రిప్పు బాలుడు ప్రత్తి యెక్కడ పండునో, కంపెనీ నాట మన నేతగాండ్ర బ్రతుకెట్లు చెడెనో ఆ దారము పట్టుకొనియే తెలిసికొనవలెనని యందలి యుద్దేశము. ఆచరణలో చాలచోట్ల దారము మిగిలినది, చరిత్ర జారిపోయినది. ఎన్ని చిలపలు వడికిరో లెక్క వ్రాసికొనుటతో నుపాధ్యాయుని పని తీరెను. పేదల పిల్లలకు తకిలియు, ఉద్యోగుల పిల్లలకు ఇంగ్లీషును ఏల యని గ్రామములలో సందేహము పుట్టెను. ఆ సందేహము అన్యాయమైనది కాదు. దానిని తీర్పవలసినవారు తమ పిల్లలను తకిలి బడులకు పంపలేదు.

తరువాత 1984లో బ్రిటిషు ప్రభుత్వపు ధనసహాయముతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము ప్రయోగముగ మొదలై, విస్తరించి, 1996 వరకు నడిచెను. చేయుచు నేర్చుట, జట్లుగ పనిచేయుట, చుట్టునున్న పరిసరములనే బోధనోపకరణముగ గొనుట, పిల్లలు చేసిన వస్తువులను తరగతి గదిలో ప్రదర్శించుట మొదలుగాగల ఆరు సూత్రములు వేలకొలది ఉపాధ్యాయులకు నేర్పబడెను. ఆరింటిలో మన బడులయందు గట్టిగ నిలిచినది కడపటిది. గోడలకు తోరణములు కట్టుట సులభము. పరిసరములలోనికి పిల్లలను తీసికొనిపోవుట కష్టము గదా!

ఇదే కాలమున మదనపల్లె చేరువ ఋషివ్యాలీలో వేరొక ప్రయత్నము జరిగెను. పద్మనాభరావు, రమ దంపతులు అచ్చటి పల్లెపిల్లల కొరకు చిన్న చిన్న బడులు నెలకొల్పి, ఒక్క గురువు అనేక తరగతుల నొక్క గదిలో నడుపుటకు వీలగు కార్డులను, మెట్లవరుసను తెలుగులోనే సిద్ధపరచిరి. పల్లెలోని కథలు, పాటలు, బొమ్మలాటలు పాఠములయ్యెను. 1995లో మైసూరు మండలమున నలికలి యను పేరను, 2003లో చెన్నపట్టణపు కార్పొరేషను బడులలోను, పిమ్మట తమిళనాడంతటను ఈ పద్ధతి వ్యాపించెను. తెలుగునేలపై మొలచిన విత్తు కన్నడ తమిళ పొలములలో పండినది. మన పొలములలో నేల పండలేదో మన విద్యాశాఖలవారు తీరికగా నాలోచింపవలసి యున్నది.

ఇక పెనుబల్లికి వత్తము. ఇచ్చట చరిత్ర నేర్పుటకు కొనవలసిన వస్తువు లేదు. అటకలమీద నున్నవి చాలును.

పాత యిండ్లలో గిద్దలు, సోలలు, తవ్వలు, మానికలు, కుంచములు నేటికిని కొన్ని కలవు. గిద్దలు నాలుగు సోల, సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక, మానికలు నాలుగు కుంచము. నాలుగవ తరగతి పిల్లలు పది యిండ్ల నుండి వీనిని తెచ్చి, లీటరు పాత్రతో నీరుపోసి కొలిచి, పలకమీద వ్రాయుదురు గాక. గణితమును చరిత్రయు నొక్కసారియే నడచును. ఒక యింటి కుంచము మరియొక యింటి కుంచముతో సరిపోలకపోవచ్చును. అప్పుడు పిల్లలు ‘ఏల?’ యని యడుగుదురు. ఇచ్చునప్పుడొక కుంచమును, పుచ్చుకొనునప్పుడొక కుంచమును వాడిన వారు మన పల్లెలలో నుండిరని చెప్పవలసి వచ్చును. 1956లో చట్టమేర్పడి, 1958 అక్టోబరు 1 నుండి దశాంశపు కొలతలు ఈ దేశమున నేల ప్రవేశపెట్టబడెనో ఆ చెక్కకుంచమే పిల్లలకు బోధించును. పల్లెవారు తిన్నది, కొలిచినది, కట్టినది, ఆడినది చరిత్రయే యని సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాసి చూపిరి గదా.

కుంచముతోబాటు అవ్వ డబ్బాలో హాలీ సిక్కా యొకటి దొరకవచ్చును. నిజాము ప్రభుత్వపు ఈ నాణెము భారతరూపాయతో గలిసి కొన్నియేండ్లు చెలామణియై 1959లో నిలిచిపోయెను. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయలు మారకము. అట్లయిన 21 హాలీ రూపాయలకెన్ని? పిల్లలు వ్రేళ్ళు మడిచి చెప్పుదురు. చెప్పి, ఒక్క దేశమున రెండు రూపాయలేమి యని యడుగుదురు.

ఆ ప్రశ్న వారిని పొలిమేరకు తీసికొనిపోవును. పెనుబల్లికి కొన్ని మైళ్ళలో తిరువూరు కలదు. నిజాము కాలమున పెనుబల్లి హైదరాబాదు సంస్థానమునందును, తిరువూరు మదరాసు రాజధానిలోని కృష్ణాజిల్లాయందును ఉండెను. గోదావరి యొడ్డున భద్రాచలము సయితము నాడు మదరాసుదే. సరకు దాటింపవలెనన్న కరోడ్గిరి వారికి సుంకము చెల్లింపవలెను. 1947, 48 సంవత్సరములలో రజాకార్ల బాధకు తాళలేక ఈ గీత దాటి కృష్ణాజిల్లాలో తలదాచుకొన్న కుటుంబములు ఈ ప్రాంతమున ననేకములు. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించి ఆ గీత చెరిగిపోయెను. 2014లో తెలంగాణ మేర్పడగా, దాదాపు ఆ గీతయే రెండు రాష్ట్రములకు పొలిమేరగ మరల వచ్చెను. బాలుని మేనమామ తిరువూరిలో నుండవచ్చును. సంక్రాంతికి పోవునప్పుడు బస్సులో వాడు దాటునది చరిత్రయే. ఆ త్రోవను పటముగ గీయించి, అప్పటి సంగతులు తెలిసిన ముదుసలి నొకని బడికి రప్పించి మాటలాడించిన నొక పక్షమునకు చాలినంత పాఠమగును.

అయితే 1948లో పదేండ్ల ప్రాయమున నుండినవారు నేడు 85 దాటినవారు. ఇది పాఠ్యప్రణాళికలో వ్రాయబడని తొందర.

గూడెముల సంగతి ఇంతకంటె సున్నితమైనది. కోయలకు లిఖితగ్రంథములు లేకున్నను చరిత్ర లేకపోలేదు. వారి గట్టుల పుట్టుక, వేల్పుల కథలు, పూర్వుల ప్రయాణములు పడిగెలను గుడ్డజెండాలమీద బొమ్మలుగ కుట్టబడియుండును. డోలీ వాయించువారు కొలుపులలో వానిని గానము చేయుదురు. మణుగూరు ప్రాంతమున కూనవరమునకు చెందిన సకిని రామచంద్రయ్యగారు అట్టి గాయకులలో పేరెన్నికగన్నవారు. సమ్మక్క సారలమ్మల కథ ఆయన కంఠమున నుండెను. 2022లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 2024లో ఆయన కాలధర్మము నొందెను. అట్టివారి నోట నొక్క గంటసేపు వినిన బాలుడెక్కడ, అట్టకొమ్ములు తగిలించుకొని ఫొటోకు నిలిచిన బాలుడెక్కడ!

పడిగెను బొమ్మగ గీసి రంగులద్దుమని చెప్పుటతో సరిపెట్టరాదు. వేల్పు పడిగెను ఎప్పుడు విప్పవలెనో, ఎవరు తాకవచ్చునో ఆ గట్టువారికి నియమములు కలవు. గూడెపు పెద్దను అడిగి, ఆయన చూపదలచినదే చూచి, ఆయన చెప్పినదే వ్రాసికొనవలెను. ఆ గంటలో పంతులు శిష్యుల వరుసలో కూర్చుండవలెను. కోయపిల్లవాడు ఆ దినమున తరగతికి దుబాసీ యగును. ఉమ్మడి రాష్ట్రమున 2004లో కోయతో గూడ 8 గిరిజన భాషలలో ప్రాథమిక బోధన ప్రారంభమయ్యెను. పుస్తకములు అచ్చయ్యెను. ఆ భాష తెలిసిన గురువులను తగినంతమందిని నిలుపుటయందు శ్రద్ధ కుంటువడినది. ఈ పని మరల చేపట్టక గూడెపు సంస్కృతిని కృత్యములలో చేర్చితిమనుట తెలుగుపిల్లలకు వినోదమును, కోయపిల్లలకు సిగ్గును కలిగించుటకే.

మా పాఠకులలో భూస్వాములనేకులు. వారికి రుచింపని మాట యొకటి చెప్పవలసియున్నది. పిల్లలను నిజముగ విచారణకు వదలినచో ‘ఈ చేను మొదట నెవరిది?’ యను ప్రశ్నకు వత్తురు. ఏజెన్సీ గ్రామములలో గిరిజనుల భూములు గిరిజనేతరులకు మారరాదని 1959లో నిబంధన వచ్చెను. 1963లో నది తెలంగాణ ప్రాంతమునకు విస్తరింపబడెను. 1970 నాటి 1వ నిబంధన దానిని మరింత బిగించెను. ఈ చట్టములేల కావలసివచ్చెనో అడవి యంచునున్న ప్రతి యూరికిని తెలియును. బడిలో దీనిని మాటలాడరాదని యెవరైన ఒత్తిడి చేసినచో పంతులు బెదరి మరల థర్మోకోలు కోటలకు పోవును. అట్టి ఒత్తిడి పెద్దలనుండి రాకుండుట మొదటి సాయము. పంతులును ఎవ్వరి పట్టాను తరగతిలో విప్పి విచారింపనక్కరలేదు. బంజరు నెట్లు కొట్టిరి, ఏ నీటితో పండించిరి, పాలేరుకు కూలి యేమి యిచ్చిరి యను సంగతులు చాలును. వానిని చెప్పగలవారు మోతుబరుల యిండ్లలోను, కూలివాడలోను, గూడెములోను వేరువేరుగ నున్నారు. పిల్లలు మూడు చోట్లకును పోవలెను.

ఇందులకు అడ్డుచెప్పువారి వాదములు మాకు తెలియకపోలేదు. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వపు బడులలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చెను. అదే 2022 ఆగస్టులో చదువుట, వ్రాయుట, లెక్కలు సరిదిద్దుటకు తొలిమెట్టు ప్రారంభమయ్యెను. 60 మందికి మించని బడికి చట్టము విధించునది ఇద్దరు గురువులనే; అయిదు తరగతులు వారే మోయవలెను. ఈ నడుమ కుంచములు కొలుచుట కెక్కడి కాలమని పంతుళ్ళడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని తొలిమెట్టు కోరునది బాలుడు చదివి, విని, వ్రాయుటయే కదా! తాత చెప్పినది వ్రాసిన నాలుగు వాక్యములు వ్రాత కావా? హాలీ సిక్కా లెక్క లెక్క కాదా? బహుతరగతులకు ఋషివ్యాలీ పద్ధతి యుండనే యున్నది. మూడు, నాలుగు, అయిదు తరగతులు కలిసి పొలిమేర పటము గీయవచ్చును, ఎవరి శక్తికొలది వారు.

తల్లిదండ్రుల వాదము వేరు. ఉన్నవారు పిల్లలను పచ్చని బస్సులెక్కించి పట్టణపు బడులకు పంపుచున్నారు. ఊరి బడిలో మిగులువారు కూలివారి పిల్లలును కోయపిల్లలును. వారికి మాత్రము కుంచములును కొలుపులును, మనవారికి కంప్యూటరులును అన్నచో వార్ధా పథకము చెడిన త్రోవనే ఇదియు పోవును. కావున ప్రైవేటు బడులను సయితము దీనిలో చేర్చవలెను. విద్యాహక్కు చట్టపు ఆ 29వ సెక్షను వానికిని వర్తించును. మండల విద్యాధికారి ఎన్నడైన ఆ బడులలో దానినిగూర్చి యడిగి చూడవచ్చును.

ఖర్చు స్వల్పము. నీలాద్రి కొండకు పిల్లలు పగటిపూట పోయి శివాలయమును చూచి రావచ్చును. బస్సు కావలసినది నేలకొండపల్లికి మాత్రమే: ఇటుకల బౌద్ధస్తూపము అచ్చటనే, రామదాసు పుట్టినదియు నచ్చటనే, భద్రాచలము పాట పాడు పిల్లవాడు ఆ పాట కట్టినవాని యూరు చూడవలదా? ఒక్క దినములో పోయి రాదగిన దూరము. పెండ్లిండ్లకు బస్సులు పంపు మన రైతులు శీతకాలమున నొకనాడు బడిపిల్లల కొక బస్సు పంపినచో, భోజనము సంగతి పంతుళ్ళును తల్లులును చూచుకొందురు.